నున్నగా రుద్దిన పట్టీ

మా అత్తమ్మకు విరిగిన భుజం అతుక్కుంది గాని, ఆ చెయ్యి తల పైకి లేవదు. బ్యాగు పట్టీని మెడలోంచి అడ్డంగా వేసుకోలేదు. భుజానికి తగిలిస్తేనేమో జారిపోతుంది, ఒక చెయ్యి దాన్ని పట్టుకోవడానికే సరిపోతుంది. ఓసారి అలాగే బస్సు దిగుతూ పడబోయింది. అప్పటినుంచి నేరేడ్‌మెట్‌లో ఉన్న వాళ్ల అక్క దగ్గరికి వెళ్లడం మానేసింది.

తోలు పని నేర్చుకుంటున్న కోడలు ఉండి కూడా ఆమె గడప దాటకపోవడం నాకు నామోషీ అనిపించింది. జారని బ్యాగు నేనే కుడతానన్నాను.

కుట్టడం తేలికే. తోలు వెనకవైపు పీచు పీచుగా ఉంటుంది, దాన్ని ఏం చేయాలన్నదే తేలలేదు. ఒక వీడియోలో మైనం రాయమన్నారు, ఇంకోదాంట్లో అలాగే వదిలేయమన్నారు. కార్ఖానా ఏరియాలో తోలు అమ్మే ముసలాయన్ని అడిగితే, "గోంద్ కతీరా నానబెట్టి రుద్దు బిడ్డా, అద్దం లెక్క అయితది" అన్నాడు. ఎండాకాలం షర్బత్‌లో వేసుకునే బంక తోలుకెందుకో నా బుర్రకెక్కలేదు. అయినా అత్తమ్మ ఫ్రిజ్‌లో నానబెట్టుకున్న గిన్నెడు గోంద్ తీసి పట్టీ వెనకంతా పూసి, గాజు గ్లాసు అడుగుతో రెండు రోజులు రుద్దాను. పీచంతా అణిగి నున్నగా తేలింది. నా పనికి నేనే మురిసిపోయాను.

"నా గోంద్ ఏడ పోయిందే?" అని అత్తమ్మ వెతుకుతుంటే బ్యాగు తెచ్చి చేతిలో పెట్టాను. ఆమె భుజానికి తగిలించుకుని నాలుగడుగులు వేసింది. సర్రున మోచేతి దాకా వచ్చింది. మళ్లీ తగిలించింది, మళ్లీ జారింది. పాత బ్యాగే నయం. అంత బాగా చేస్తే తప్పెలా అయిందో అర్థంకాక నాకు ఏడుపొచ్చింది.

"జెర గరుకుండాలె గదా. గింత నున్నగ ఎవలు చెయ్యమన్నరు?" అంది.

చెప్పింది ముసలాయనే. కానీ ఆయనకు నేను భుజం సంగతి చెప్పనేలేదు.

ఉక్రోషంతో గరుకు కాగితం తీసి, భుజానికి ఆనేంత మేర గీకేశాను. పీచు మళ్లీ లేచింది. అచ్చం పని రానివాళ్లు చేసినట్టే ఉంది. అది బాగుచేయడమో పాడుచేయడమో ఇప్పటికీ తేల్చుకోలేను.

మర్నాడు ఆమె ఆ బ్యాగు తగిలించుకుని అల్వాల్‌లో బస్సెక్కింది. నేను కింద నిలబడి చెయ్యి ఊపాను. ఆమె ఊపలేదు. నా మీద కోపమేమో అనుకున్నాను. బస్సు కదులుతుంటే అప్పుడు చూశాను, ఆమె రెండు చేతులూ మెట్ల పక్కన కడ్డీ మీద ఉన్నాయి.