నాయక్ అనే పిలుపు

కళ్లంలో ఎండుమిర్చి ఘాటు ముక్కుకి తగిలితే ఇప్పటికీ మా తాత కేకే గుర్తొస్తుంది: "ఒరేయ్ నాయక్, బస్తాలెత్తరా!" నాయక్ అంటే కూలోడని అనుకునేదాన్ని.

ఎనభైల్లో ఒకసారి మా ఎద్దులు తండావాళ్ల జొన్నచేలో పడ్డాయి. పంచాయితీకి తాత వెంట నేనూ పోయాను. అక్కడ మా బస్తాలెత్తే నాయకే మంచం మీద కూర్చున్నాడు, తాత నిలబడ్డాడు.

"నాకు మంచం వెయ్యరేంది?" అని తాత అరిచాడు.

"తగువు తీరేదాకా తగువు పడ్డోళ్లు ఎవరైనా నిలబడాల్సిందే," అన్నాడు తండా ముసలాయనొకడు. "మా పెద్దలు ఎడ్ల మీద ఉప్పు బస్తాలేసుకుని దేశం తిరిగిన రోజుల్లో ముందు నడిచి దారి చూపినోడే నాయక్. ఇప్పుడు తీర్పు చెప్పేదీ ఆయనే."

"కూలోడు కాదా తాతా?" అన్నాను. తాత నా చెవి మెలేశాడు.

ఎంత కుళ్లో చూడండి. మర్నాటి నుంచి ఆ నాయక్‌ని "ఒరేయ్ సోమ్లా" అని పేరు పెట్టే పిలిచాడు. నాయక్ అంటే ఏందో తెలిశాక, చచ్చేదాకా ఆ మాట పలకలేదు మా తాత.