ఏటవతలి పాలపొడి

నా పెనిమిటికి జ్వరం విడవకుండా పట్టుకున్న వానాకాలం అది. గద్వాల దవాఖానాలో డాక్టరు చెయ్యి పట్టి చూసి జొన్న సంకటి మానిపించమన్నాడు. సీమ పాలపొడి వేడినీళ్లలో కలిపి తాపితే కడుపులో నిలుస్తుందన్నాడు. నిలిచింది కూడా. మంచినీళ్లు పోసినా కక్కే మనిషి ఆ పొడి నీళ్లు తాగి, గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఒక డబ్బా అయిపోయింది. దానికే నా వెండి కడియాలు పోయాయి. రెండో డబ్బా కోసం మా అత్త తన మేకను అమ్మింది. ఆ పైకం గద్వాల అంగట్లో చాలలేదు.

అదే డబ్బా తుంగభద్ర అవతల కర్నూలులో అగ్గువ. అది ఇంగ్లీషు వాళ్ల రాజ్యం, ఇది నిజాం రాజ్యం. ఏరు దాటిన సరుకుకు నాకా దగ్గర సుంకం కట్టాలి. ఆ సుంకమూ షావుకారి లాభమూ కలిసి ఇక్కడ డబ్బా ధర పెరిగేది. మన రూపాయి అక్కడ చెల్లదు, కొంత వట్టం కింద వదులుకుని మార్చుకోవాలి. అయినా అక్కడే నయం. జ్వరం ఒకటే, పొడి ఒకటే, ఆ ఒడ్డున ఒక ధర, ఈ ఒడ్డున ఒక ధర. ఇదేం న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను పోయి తెస్తానన్నాను. అత్త పోనివ్వలేదు.

"నువ్వు వాని పక్కన కూసో పిల్లా. నాకా కాడ పడుచుదాన్ని ఆపుతరు గాని, ముసలిదాని మూట ఎవడు ఇప్పుతడు?" అంది.

మేక పైకం కొంగున కట్టుకుని పోయి, వానలో తడుస్తూ తిరిగొచ్చింది. మొహం మాత్రం వెలిగిపోతోంది. మూత తెరవని డబ్బా కనబడితే కొత్త సరుకని సుంకం వేస్తారని, పోయేటప్పుడు ఏరు దాటించే పుట్టిలో ఎవరో చెప్పారట. అందుకని కర్నూలు అంగట్లోనే మూత కోయించి, పొడిని పాత చీర గుడ్డలో కట్టి, రొట్టెల మూటలో పెట్టుకుంది. మేము పిండి మోసేది అట్లాగే కదా. నాకా జవాను అడిగితే పచ్చజొన్న పిండి అని చెప్పి, కావాలంటే రొట్టె చేసి పెడతానందట. వాడు నవ్వి పొమ్మన్నాడట.

మూట విప్పాం. పొడి లేదు. ఏటి తేమకు, వానకు కరిగి, గుడ్డకు అతుక్కుని, బెల్లం దిమ్మెలా గట్టిపడింది. అత్త గోటితో గోకింది, కొడవలి మొనతో గీకింది. పెళ్లలతో పాటు నూలు పోగులూ లేచాయి. చివరకు గుడ్డనే వేడినీళ్లలో వేసి పిసికి, వడగట్టి ఇచ్చాను. ఆయన రెండు గుక్కలు తాగి, నాలుకకు తగిలిన పోగు తీసి చూసుకున్నాడు.

"అమ్మ చీరె గదా," అన్నాడు.

కాసేపటికి అదీ కక్కాడు. వానలు వెళ్లకముందే పోయాడు.

జ్వరం పేగులు తినేసిందని, ఏ పొడీ ఆపేది కాదని డాక్టరు తర్వాత చెప్పాడు. ఆ మాట అత్తకు ఎన్నిసార్లో చెప్పాను. ఎక్కలేదు.

"డబ్బాతోనే తెస్తే బతుకుతుండె. సుంకం కట్టకపోతిని," అనేది.

"కట్టనీకె పైసలు యాడివి అత్తమ్మా?" అన్నాను ఒకనాడు, ఊరడిద్దామని.

"ఉండె పిల్లా. ఇంకో డబ్బాకని దాచిన."

ఇసుర్రాయికి అటు ఆమె, ఇటు నేను కూర్చుని, ఇద్దరికి సరిపడా జొన్నలు విసిరాం.