ఉత్తరాకాశంలో అరుంధతి

మా పెళ్ళిలో అరుంధతిని చూపించమని పురోహితుడు చెబితే, బావ వేలు పైకెత్తి "కనపడిందా?" అని అడిగాడు. "కనపడింది" అన్నాను. మిట్టమధ్యాహ్నం అరుంధతి ఎవరికి కనపడుతుంది? మన పెళ్ళికూతుళ్ళందరూ అనే మాటే అది. కాకపోతే వాళ్ళకు పగలే కనపడదు, నాకు రాత్రి కూడా కనపడదు. నాకు చిన్నప్పటి నుంచీ రేచీకటి.

మా ఇంట్లో దాన్నెవరూ జబ్బుగా లెక్కచేయలేదు. పొన్నగంటి కూర తింటే పోతుందన్నారు. బుట్టలకొద్దీ తిన్నాను, పోలేదు. మా అమ్మానాన్నలది మేనరికం, మాదీ మేనరికమే. బయటి సంబంధమైతే కళ్ళ సంగతి చెప్పాల్సి వస్తుందని బావకే ఇచ్చి చేశారు. గుట్టు ఇంట్లోనే ఉండిపోయింది, జబ్బూ ఇంట్లోనే ఉండిపోయింది. కెనడాలోని ఈ సస్కటూన్ వచ్చాక కంటి డాక్టరమ్మ ఆ మాట విడమరిచి చెప్పింది. దీనికి మందు లేదు. చూపు అంచుల నుంచి లోపలికి తగ్గిపోతూ వస్తుంది. ఇద్దరిదీ ఒకే రక్తం కాబట్టి మా పాపకు కూడా రావచ్చు. పరీక్షకు రాసింది కానీ ఇక్కడ పిలుపు రావాలంటే నెలలు పడుతుంది. "ఈలోపు చీకట్లో ఎలా నడుస్తుందో గమనిస్తూ ఉండండి" అంది. గమనించాల్సింది నేనట! నాకు నా కాళ్ళే కనపడవు.

ఈ ఊళ్ళో చలికాలం అయిదింటికల్లా చీకటి. నన్ను తెచ్చి ఇక్కడ పడేసిన దేవుడికి ఎకసెక్కాలు ఎక్కువ. ఉత్తరాన ఆకాశంలో అరోరా అనే రంగుల వెలుగులు వచ్చాయంటే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపు మోగిపోతుంది. మొదటి ఏడాది నేనూ వెళ్ళి, ఫొటోల్లో చూసిన రంగు గుర్తుపెట్టుకుని, "అబ్బ, ఎంత పచ్చగా ఉందో!" అన్నాను.

పక్కనున్నావిడ నవ్వింది. "మీకు పచ్చగా కనపడుతోందా అండీ? నాకైతే తెల్ల మబ్బులా ఉంది. ఫోన్‌లోనే గ్రీన్‌గా పడుతోంది."

వెలుగు పలచగా ఉన్నప్పుడు ఆ రంగు కంటికి అందదని, కెమెరాకే అందుతుందని అప్పుడు తెలిసింది. మళ్ళీ వెళ్ళలేదు.

ఈ నవంబరులో ఒక సాయంత్రం గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఎనిమిదేళ్ళ పాప వెళ్దామని ఒకటే గొడవ. దానికి నా కళ్ళ సంగతి ఇంకా చెప్పలేదు. భోజనాలు కూడా కాకుండానే బయలుదేరాం. నాకు కావలసింది ఆకాశం కాదు. దానికి కనపడుతుందో లేదో తెలిస్తే చాలు.

ఊరు దాటాక పొలాల పక్కన బావ కారు ఆపి, లైట్లు ఆర్పేసి, ముందు తను దిగి చూసి వచ్చాడు. నా వైపు తలుపు తీసి చెవి దగ్గర మెల్లగా చెప్పాడు.

"పెద్దగా ఏమీ లేదులే. పొయ్యిలోంచి లేచే పొగలా తెల్లగా ఒక చార, అంతే."

ఇన్నేళ్ళుగా రాత్రి ఆకాశం నాకు బావ నోటితోనే తెలుస్తోంది.

పాప దిగి, మంచులో రెండడుగులు వేసి, నా కోటు గట్టిగా పట్టుకుంది. చలికి అనుకున్నాను. అలా అనుకోవాలనే ఉంది నాకు. చివరికి అడిగాను.

"కనపడుతోందా, తల్లీ?"

"యెస్ అమ్మా! ఇట్స్ సో గ్రీన్!"

ఫోన్ ఇంకా బావ జేబులోనే ఉంది. ఆ సంబరం, ఆ తొందర, ఆ కాస్త ఎక్కువైన గొంతు నాకు బాగా తెలుసు. అవి నావే. అబద్ధం చెప్పడం దానికి ఎవరూ నేర్పలేదు, నాకూ ఎవరూ నేర్పలేదు.

"నీకు కనపడుతోందా, అమ్మా?" అని ఈసారి తెలుగులో అడిగింది.

"కనపడింది" అన్నాను.

కన్నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోలేదు. అంత దగ్గర నిలబడి నా ముఖంలోకి చూసినా, అవి దానికి కనపడవు.