పువ్వుకు పువ్వు తాకించిన కూలి

“తేనెటీగలు ఏనాడన్నా నన్ను కూలి అడిగినయ్యా, ఎలీసమ్మా?”

గుమ్మడికాయలు లారీకెక్కుతుంటే గట్టు మీద నిలబడి వెంకటనారాయణ అడిగిన ప్రశ్న ఇది. నవ్వుతూనే అడిగాడు. ఎలీసమ్మకు నవ్వు రాలేదు. ఆమె వెనక నలుగురు ఆడవాళ్లున్నారు. తొమ్మిది రోజులపాటు చీకటితోనే లేచి వాళ్లు ఆ చేలోకి దిగింది ఆమె మాట మీదే.

ఎలీసమ్మ కూలి ముఠాకు పెద్ద. చిలకలూరిపేట చుట్టుపక్కల మిరపకోతలకు, పత్తితీతలకు మనుషుల్ని కూడగట్టుకుని వెళ్తుంది. రేటు మాట్లాడేదీ ఆమే, ఆటో మాట్లాడేదీ ఆమే. తేడా వస్తే లేచే గొంతూ ఆమెదే. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆ గొంతే కాబట్టి నాలుగు పొలాల అవతలికి వినబడుతుంది.

అంతకుముందు ఏడు నల్ల తామరపురుగు వెంకటనారాయణ మిరపను ఊడ్చేసింది. అందుకని ఈసారి ఎకరం గుమ్మడి వేసి, మిగతా పొలంలో వేసిన మిరపకు మందు మీద మందు కొట్టించాడు. పురుగుమందుల కొట్టువాడు ఏ సీసా చేతిలో పెడితే ఆ సీసా. రెండు కలిపి కొట్టమంటే రెండూ, మూడంటే మూడూ. తామరపురుగు బాగానే ఉంది. గట్టున తుమ్మచెట్టుకు ఏటా పట్టే తేనెపట్టు మాత్రం ఖాళీ అయింది. చెట్టు కింద ఈగలు కుప్పలుగా పడ్డాయి.

ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. ఎందుకుంటుంది? మిరపా పత్తీ చాలావరకు తమ పుప్పొడితో తామే కాస్తాయి. ఈగ వస్తే నాలుగు కాయలు ఎక్కువ, రాకపోయినా చేను నిలబడుతుంది. గుమ్మడి అలా కాదు. దాని మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మధ్యన ఎవరో ఒకరు తిరగాలి. తిరిగేవాళ్లు చెట్టు కింద చచ్చిపడి ఉన్నారు. పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే వెంకటనారాయణ మళ్లీ కొట్టుకే పరిగెత్తాడు. పిందె నిలవడానికని అక్కడ ఇంకో సీసా అంటగట్టారు! ఈగల్ని చంపే సరుకూ, ఈగలు లేని లోటు తీరుస్తుందనే సరుకూ ఒకే బల్ల మీద. పిందెలు రాలుతూనే ఉన్నాయి.

“పూలు మేం కలుపుతాం,” అంది ఎలీసమ్మ. పెళ్లికి ముందు కర్నూలు వైపు విత్తన పత్తి చేలల్లో ఆమె చేసిన పని అదే. మగపువ్వు తెంచి, రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వు నడుమ రాయాలి. ఎండెక్కితే పువ్వు ముడుచుకుంటుంది.

“కానీయ్. కాయ పడితే చూసుకుందాంలే,” అన్నాడు వెంకటనారాయణ.

రేటు తేల్చకుండా పనిలోకి దిగని మనిషి ఆ ఒక్కసారి దిగింది. ఈ పనికి ఊళ్లో రేటే లేదు మరి. కలుపుతీత కూలైనా ఇవ్వకపోతాడా అనుకుంది. కానీ కాయ కాస్తే సీసా గొప్పంటాడని తెలుసు. అందుకే తాము కలిపిన ప్రతి పువ్వు కాడకూ పాత చీర పీలిక కట్టించింది. కాయలు దాదాపు అన్నీ పీలిక ఉన్నచోటే పడ్డాయి. కూలి అడిగితే ఈ ప్రశ్న.

“అడగవు. నోరు లేదుగా వాటికి,” అంది ఎలీసమ్మ. “మందు కొట్టినప్పుడు నీళ్లు మోసింది మేమే. ఆ కూలి సాయంత్రానికల్లా ఇచ్చారు. చంపే పనికి కూలుంది, చచ్చినవాటి పని చేస్తే లేదా నారాయణగారూ?”

“పువ్వుకు పువ్వు తాకించటం కూడా ఒక పనేనా? పేరంటానికొచ్చినట్టు వచ్చి పోయారు.”

“అయితే ఈసారి మీ ఇంటావిడను పంపండి. మా ముఠాలో మహిమ తను బొట్టు పెట్టుకోకపోయినా ఆవిడకు పెట్టి మరీ పిలుస్తది. తెల్లారుజామున, మంచులో, నడుం వంచుకుని!”

ఆడవాళ్లు గొల్లుమన్నారు. వెంకటనారాయణ నవ్వు ఆగింది. “గుమ్మడి డబ్బులు మందుల కొట్టు బాకీకే చాలవు. మిరపకాయలు కోల్డు స్టోరేజీలో ఉన్నయ్. అమ్మగానే ఇస్తా, పో.”

ఆ వేసవిలో మండల కేంద్రంలో తేనెటీగల దినోత్సవం జరిగింది. ఫ్లెక్సీ మీద మనిషంత ఈగ. ఈగల్లేకుండా గుమ్మడి పండించిన ఆదర్శ రైతని వెంకటనారాయణకు శాలువా కప్పారు. పువ్వులు ఎలా కలపాలో చూపించమని ఎలీసమ్మ చేతికి కాగితం పువ్వులిచ్చి ఫొటో తీశారు. తేనెటీగలది ప్రకృతి మనకు చేసే ఉచిత సేవ అని ఒక అధికారి తన్మయంగా చెబుతున్నాడు. ఎలీసమ్మ మైకు అందుకుంది.

“మాది ఉచితం కాదండీ. ఐదుగురం తొమ్మిది రోజులు చేశాం. ఆ శాలువా కప్పుకున్నాయన కూలి ఇంకా ఇవ్వలా.”

“అమ్మా, ఇది కూలి తగాదాలకు వేదిక కాదు,” అన్నాడు అధికారి. మైకు లాక్కుని బిస్కెట్లు పంచారు.

“శాలువా అన్నా పీక్కురావాల్సింది అక్కా,” అంది మహిమ తిరుగు ఆటోలో. మరుసటి వారం ఎలీసమ్మ తన కోత డబ్బుల్లోంచి నలుగురికీ లెక్క ఇచ్చేసింది. మాట ఇచ్చింది ఆమె కదా.

మళ్లీ గుమ్మడి పూతకొచ్చింది. వెంకటనారాయణ కబురు పంపాడు. కూలి అడగనివాటినే పిలుచుకోమంది ఎలీసమ్మ.

కోల్డు స్టోరేజీలోని మిరపకాయలు అమ్ముడై మూడు నెలలు దాటింది. ఐదుగురి తొమ్మిది రోజుల కూలి వెంకటనారాయణ ఇంకా బాకీ.