లోకల్ టీమ్‌కి నా సేవ

న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో గొడుగు కొనడం దండగ. మొదటి గాలికే అది పక్కవీధి వాళ్ళ సొత్తవుతుంది.

2014 చలికాలంలో అక్కడ నాకు ఉద్యోగంతో పాటు ఒక ఉద్యమం కూడా ఉండేది. ఇంగ్లండ్ క్లబ్బులను టీవీలో ఆరాధించే మనవాళ్ళను మా వీధి చివర ఆడే లోకల్ ఫుట్‌బాల్ టీమ్‌కు అభిమానులుగా మార్చడం. ఆ టీమ్‌కు ప్రేక్షకులు తొమ్మిదిమంది, ఒక కుక్కతో కలిపి.

సీజన్ చివరి మ్యాచ్‌కు నా ఫ్లాట్‌మేట్ కిరణ్‌ను బతిమాలి తీసుకెళ్ళాను. డ్రా అయినా చాలు, ఓడితే మావాళ్ళు కింది డివిజన్‌కు పోతారు. ఒక్క గోలూ పడకుండా ఆట ముగుస్తుండగా మా గోల్‌కీపర్ కాలు బెణికింది. సంఖ్య కోసం నా పేరు కూడా సబ్‌స్టిట్యూట్ల జాబితాలో రాసిపెట్టిన కోచ్ నావైపు తిరిగాడు.

“బంతి పట్టగలవా?”

కాలేజీ క్రికెట్‌లో నా క్యాచ్‌లకు కొంచెం పేరుండేది. దిగాను.

చివరి నిమిషంలో దూసుకొచ్చిన బంతిని ఎగిరి పట్టాను. ఆ ఆనందంలో, పాత అలవాటు కొద్దీ, దాన్ని ఆకాశంలోకి విసిరేసి చేతులు చాచి పరుగెత్తాను. ఫుట్‌బాల్‌లో క్యాచ్ పడితే ఎవరూ అవుట్ కారన్న సంగతి, అవతలి టీమ్ ఆటగాడు ఆ బంతిని తీరిగ్గా గోల్‌లోకి తన్నాక గుర్తొచ్చింది.

కోచ్ నా భుజం తట్టి, జాబితాలో నా పేరు కొట్టేశాడు. కివీలు మర్యాదస్తులు. అభిమానం గీతకు బయట ఉంటేనే అందమని నాకూ తెలిసొచ్చింది.

ఇంటికి నడుస్తుంటే కిరణ్ అన్నాడు: “అన్నా, ఆ క్లబ్ మీద నీకు నిజంగా ప్రేముంటే, వచ్చే సీజన్ ఇంట్లోనే ఉండు.”