టేపమ్మకు నయమైన రోజు

ఆ పిల్లకి వీధంతా కలిసి పెట్టిన పేరు టేపమ్మ. వాళ్ళ నాన్న పరదాలు కుట్టే దర్జీ. కింద దుకాణం, పైన రెండు గదుల ఇల్లు. నాలుగేళ్ళ వయసు నుంచీ ఆ పిల్ల మెడలో గుడ్డ టేపు వేలాడుతూనే ఉండేది గానీ, నిజానికి ఆ పిల్లకి దానితో పనే లేదు. కిటికీ కేసి ఒక్కసారి చూసి "నలభై రెండున్నర" అనేసేది. నాన్న నిచ్చెన ఎక్కి కొలిస్తే సరిగ్గా నలభై రెండున్నర అంగుళాలే! వచ్చినవాళ్ళు నోరు వెళ్ళబెట్టేవాళ్ళు. కొందరు సరదాపడి తమ ముక్కు పొడవు కూడా అడిగి, వచ్చిన జవాబు నచ్చక మొహం మాడ్చుకుని వెళ్ళేవాళ్ళు.

మాటలు తక్కువ. ఒక్క పదం రావాలన్నా ముందు చేతులు లేవాలి. మోచేతులు మడిచి, వేళ్ళు వదులుగా పెట్టి, తడి చేతులు విదిలించుకున్నట్టు గబగబా ఆడించేది. ఆ ఊపులో మాట బయటికొచ్చేది. "నీళ్ళు." "చాలు." "నలభై రెండున్నర." సంతోషమొస్తే మాట లేకుండానే చేతులు ఆడేవి. కత్తిరింపు బల్ల కింద కూర్చుని, కుట్టుమిషను చప్పుడు వింటూ పూటలకి పూటలు గడిపేసేది. ఎవరి జోలికీ పోయేది కాదు, ఎవరి కళ్ళలోకీ చూసేది కాదు. ఆ పిల్ల చేసిన నేరమల్లా అదే.

ఐదో ఏట చూసిన డాక్టరు ఆటిజం అన్నాడు. "ఇది తగ్గించడానికి జబ్బు కాదమ్మా. మీ పిల్ల తీరే ఇది. తనకి ఏది తేలికో కనిపెట్టి, ఆ దారినే నేర్పించండి" అని చెప్పి పంపాడు. ఎంత చక్కటి మాట! వింటేగా? అమ్మ ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. ఆ ఏడుపు విని పెద్దమ్మ, అంటే అమ్మకి అక్క, రెక్కలు కట్టుకుని వాలింది.

"చేతకాని డాక్టర్లంతా అదే మాట చెప్తారే. మందు లేని రోగం ఉంటుందా లోకంలో? నేనున్నాగా!" అంది పెద్దమ్మ.

ఆవిడ ఉన్నానంటే ఉన్నట్టే మరి. ఒకాయన పాలు మాన్పించమన్నాడు. ఇంకొకాయన పాలు తప్ప ఇంకేమీ పెట్టొద్దన్నాడు. ఏదో బొగ్గురంగు పొడి నెల రోజులు నాలుక మీద రాశారు. తెల్లవారగానే నడినెత్తిన ముప్ఫై చెంబుల చన్నీళ్ళు పోశారు. ఒకరోజు అమ్మ లెక్క తప్పి ఇరవై తొమ్మిదికే ఆపేస్తే, టేపమ్మ ముప్ఫయ్యో చెంబు పడేదాకా వణుకుతూ అక్కడే కూర్చుంది. "చూశావా, గుణం కనిపిస్తోంది, తనే కావాలంటోంది!" అని పెద్దమ్మ చంకలు గుద్దుకుంది. ఆ తర్వాత కళ్ళ వైద్యం. గడ్డం గట్టిగా పట్టుకుని "నా కళ్ళల్లోకి చూడు" అనేవాళ్ళు. చూసేదాకా అన్నం లేదు.

వాళ్ళేమీ రాక్షసులు కారు. అసలు చిక్కే అది. రాక్షసులైతే వీధిలో ఎవరో ఒకరు అడ్డుపడి ఉండేవాళ్ళు. పిల్లకి జ్వరమొస్తే అమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. నాన్న పిల్లని కడుపులో పెట్టుకుని చూసుకునేవాడు. అందుకే వాళ్ళు ఏం చేసినా అందరూ "పాపం, ఎంత తాపత్రయపడుతున్నారో" అనేవాళ్ళు.

పిల్లకి పదేళ్ళొచ్చాక నాన్నకో ఆలోచన వచ్చింది. పరదా గాలికి ఎగరకుండా తిన్నగా జారాలంటే, అడుగు మడతలో సీసపు బిళ్ళలు పెట్టి కుడతారు. పైకి కనబడవు గానీ బరువంతా అక్కడే ఉంటుంది. నాన్న అవే బిళ్ళలు, చేతికి ఎనిమిది చొప్పున, పొడుగు చేతుల చొక్కా అంచుల్లో పెట్టి కుట్టాడు. మెత్తటి గుడ్డే తీసుకున్నాడు, ఒరుసుకోకుండా లోపల అస్తరు కూడా వేశాడు. దర్జీ కాకపోతే ఆ మనిషికి ఆ బుద్ధి పుట్టేదే కాదు. ఆ బిళ్ళలు పెట్టాక గాలికి లేచిన పరదా ఆయన చేతిలో ఒక్కటీ లేదు, కూతురి చేతులు మాత్రం లేస్తాయా!

మొదట్లో చేతులు సగం దాకా లేచేవి. ఆ తర్వాత నడుము దాకా. మూడు నెలలయ్యేసరికి అసలు లేవడమే మానేశాయి. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అదే నెలలో పిల్ల నోటి నుంచి "నీళ్ళు" పోయింది, "చాలు" పోయింది, కొలతలు పోయాయి. దాహమేస్తే కుండ దగ్గర నిలబడి ఊరుకునేది. ఈ రెంటికీ ముడి ఉందని ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. పరదాలో దారప్పోగు తేడా వస్తే పదడుగుల దూరం నుంచి పట్టేసే నాన్నకి కూడా తట్టలేదంటే ఏమనుకోవాలి? కడుపు మండిపోతుంది తలుచుకుంటే.

"ముదిరిపోయిందే! ఇక ఇంట్లో వైద్యాల వల్ల కాదు. ఇలాంటి పిల్లల్ని దారిలో పెట్టే కేంద్రానికి పంపాల్సిందే" అని మూడేళ్ళు చూసి పెద్దమ్మ తేల్చేసింది.

కేంద్రం ఎక్కడో ఊరి బయట, ఎత్తు గోడల మధ్య ఉందని చెప్పుకునేవాళ్ళు. రొట్టెల దుకాణం వాళ్ళమ్మాయిని అక్కడే ఏడాది ఉంచారు. పూర్వం ఆ అమ్మాయి రోజంతా ఏదో రాగం తీస్తూ వీధి ఈ చివర్నుంచి ఆ చివరకి గెంతుతూ తిరిగేది. తిరిగొచ్చాక ఆ అమ్మాయిని చూపించడానికని వాళ్ళమ్మ పరదాల దుకాణానికి తీసుకొచ్చింది. బల్ల కింద నుంచి టేపమ్మ అంతా చూస్తూనే ఉంది. ఆ అమ్మాయి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. చేతిలో బిస్కెట్టు పెడితే అలాగే పట్టుకుంది. వాళ్ళమ్మ "తిను" అన్నాక తింది. రెండోది, మూడోది, నాలుగోది పెట్టినా తింటూనే పోయింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా నమలడం ఆపలేదు. వాళ్ళమ్మ "చాలు" అన్నాక ఆగింది.

"ఎంత బుద్ధిమంతురాలైందో!" అంది అమ్మ. టేపమ్మ గోడకి ఆనుకుని ముడుచుకుపోయింది. చెప్పుకోవడానికి మాట లేదు, ఆడించడానికి చేతులు లేవు.

నాన్నకి మాత్రం పిల్లని పంపడానికి మనసొప్పలేదు. ఓ మధ్యాహ్నం గుడ్డ కత్తిరిస్తూ అమ్మతో, "కేంద్రం మేడమ్ రెండు నెలల్లో చూడ్డానికొస్తారటగా. ఆవిడ ముందు మన పిల్ల కుదురుగా కూర్చుని, కళ్ళలోకి చూసి, నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడిందనుకో, నేను పంపను. ఒట్టు" అన్నాడు.

బల్ల కింద టేపమ్మ ప్రతి అక్షరమూ వింది. కూర్చోవడం వచ్చు. చూడడం కూడా నేర్పించేశారు, కనుబొమల మధ్య చోటు చూస్తే సరిపోతుంది. ఇక కావాల్సింది మాట. అది ఎక్కడికి పోయిందో వెతుక్కోవాలి.

దుకాణం మూలన బెల్టు తెగిన పాత మిషను ఒకటుంది. ఓ రోజు దాని తొక్కుడు పలక మీద పాదాలు పెట్టి ఊరికే ఊపింది. టకటక, టకటక. పదో ఊపుకో పన్నెండో ఊపుకో గొంతులో ఏదో కదిలి, "నీళ్ళు" అని బయటపడింది. తన గొంతు విని తనే ఉలిక్కిపడింది! ఆ రోజు నుంచీ అదే పని. చేతులు మోసిన మాటని కాళ్ళకి మోయడం నేర్పింది. తర్వాత పలక అక్కర్లేకుండా, చెప్పులో బొటనవేలు నొక్కితే మాట వచ్చేలా చేసుకుంది. ఒక నొక్కుకి ఒక మాట. మూడు మాటలు ఎంచుకుంది. ఒక్కటి తేవడానికే చొక్కా చెమటతో తడిసిపోయేది. మూడూ కలిపి తేవడానికి నెలన్నర పట్టింది. ఇంట్లో ఎవరి చెవినా పడనివ్వలేదు, ఆ రోజుకని దాచుకుంది. పదమూడేళ్ళ పిల్ల, ఏ గురువూ లేకుండా, తన దారి తనే వేసుకుంది. డాక్టరు చెప్పింది సరిగ్గా ఇదే కదూ.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున పదకొండు గంటలకి దుకాణం ముందు కారు ఆగింది. మేడమ్ మెత్తటి చెప్పులేసుకుని చప్పుడు కాకుండా మెట్లెక్కింది. గొంతు కూడా మెత్తనే. పెద్దమ్మ అప్పటికే పిల్ల బట్టలు సర్ది, సంచీ గుమ్మం పక్కన పెట్టింది. "ఎందుకైనా మంచిదని" అంది. టేపమ్మ దాన్ని చూడకుండా ఉండలేకపోయింది. పద్దెనిమిది అంగుళాలు, పన్నెండు.

"కూర్చోమ్మా" అంది మేడమ్. కూర్చుంది.

"చేతులు ఒళ్ళో పెట్టుకో." పెట్టుకుంది.

"నా కళ్ళల్లోకి చూడు." కనుబొమల మధ్య ఒకటింపావు అంగుళం. చూపు అక్కడ ఆనించి, రెప్ప వేయకుండా ఉంచింది. మేడమ్ గడియారం చూసుకుంటూ నిమిషం పైనే అలాగే ఉంచింది. నాన్న గుమ్మంలో నిలబడి గుప్పిట బిగించాడు.

మేడమ్ అట్ట మీద ఏదో రాసుకుని నవ్వింది. "బాగుంది. మొండి పిల్లల్ని మేం తీసుకోం, ఆ శ్రమంతా వృథా. ఇలా చెప్పిన మాట వినేవాళ్ళ మీదే మా పద్ధతి పనిచేస్తుంది. మీ పిల్ల మాకు సరిగ్గా సరిపోతుంది."

టేపమ్మ చూపు మళ్ళీ గుమ్మం పక్కనున్న సంచీ మీదికి పోయింది. బాగా చేసినందుకే తీసుకెళ్తారా? ఇదెక్కడి న్యాయం! ఇక ఆలోచించడానికి వ్యవధి లేదు. చెప్పులో బొటనవేలు గట్టిగా నొక్కింది.

"నేను."

అందరూ తన వైపు తిరిగారు. ఇంకో నొక్కు. "ఇక్కడే." మెడ నరాలు ఉబ్బాయి. ఇంకొక్కటి. "ఉంటాను."

అమ్మ ఒక్క కేక వేసి పరుగున వచ్చి పిల్లని వాటేసుకుంది. "మాట్లాడింది! నా తల్లే, నా బంగారమే! విన్నారా, పూర్తి వాక్యం, మూడు మాటలు!" నాన్న అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. మూడేళ్ళ తర్వాత కూతురి గొంతు విన్నాడు మరి. పెద్దమ్మ కిటికీ దగ్గరికి పరుగెత్తి, "మా పిల్లకి మాటొచ్చిందోయ్!" అని వీధిలోకి అరిచింది.

"చూశారా, ఇంకా మొదలుపెట్టకముందే! ఇప్పుడు గనక మధ్యలో వదిలేశారంటే మళ్ళీ మొదటికొస్తుంది. ఇవాళే తీసుకెళ్ళడం మంచిది" అంది మేడమ్.

నాన్న తలెత్తి చూశాడు. వేసిన ఒట్టు గుర్తుందో లేదో. ఆ మొహంలో ఆశ తప్ప ఇంకేమీ కనబడలేదు. "అంతేనంటారా? అయితే తీసుకెళ్ళండి మేడమ్. మీ చేతుల్లో పెడుతున్నా" అన్నాడు.

"ఇంకోసారి అను తల్లీ, ఇంకొక్కసారి" అని అమ్మ బతిమాలింది. టేపమ్మ నాన్న వైపే చూస్తూ అంది. "నేను. ఇక్కడే. ఉంటాను." అందరూ చప్పట్లు కొట్టారు. మెట్ల మీదికి వచ్చిన ఇరుగుపొరుగువాళ్ళ కోసం ఇంకోసారి అనమన్నారు. ఈసారి కాలు వణికి, "ఇక్కడే, ఇక్కడే" అన్నంత వరకే వచ్చింది.

"అలా కాదు. మూడూ కలిపి అనాలి" అంది మేడమ్, మెత్తగా, గడ్డం పట్టుకుని పైకెత్తి.

మూడూ కలిపి అంది. మళ్ళీ చప్పట్లు. నాన్న కళ్ళు తుడుచుకుంటూ లేచి, గుమ్మం పక్కనున్న సంచీ తీసుకుని, కారులో పెట్టడానికి మెట్లు దిగాడు.