చూడని మనిషిని కాపాడినవాడు

ఆరేళ్లుగా ఒక మంచి పేరు మోస్తున్నాను. చెడ్డ పేరైతే ఈపాటికి అలవాటైపోయేది. మంచి పేరు అలా కాదు, దినదినానికీ బరువెక్కుతుంది. నర్సమ్మ అనే మనిషి ప్రాణం కాపాడానని ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా నన్ను తెలిసినవాళ్లందరూ అంటారు. నేను కాపాడలేదు. ఆమెను చూడనే లేదు.

నువ్వు నా ముఖం ఎరగవు. అందుకే నీకు చెబుతున్నాను. అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి, మనవరాలి పలక మీద. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

నలభై ఏళ్లు లారీ తోలాను. పత్తి బేళ్లు ఎత్తిన లారీని తోలడమంటే అలిగిన మామను బతిమాలి పెళ్లికి తీసుకుపోవడమే. తర్వాత ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు సావుకారు దగ్గర కారు డ్రైవరుగా చేరాను. ఆయన ఒక ఎర్ర కారు తెప్పించుకున్నాడు. రెండే తలుపులు, పొడుగు మూతి. నాలుగువందల గుర్రాల బలమన్నాడు. "అన్నిటికీ ఉలవలు యాడ తెద్దాము సావుకారూ?" అన్నాను. నవ్వాడు. కానీ దాన్ని తోలాలంటే ఆయనకు భయం. నాకు లేదు.

కాలి బొటనవేలు కొంచెం ఆనిస్తే చాలు, సీటు వచ్చి వీపుకు తగిలేది. ఇంజను చప్పుడు చెవికంటే ముందు కడుపుకు తెలిసేది. లారీని మనం అడుక్కోవాలి. ఇది మనల్ని అడుగుతుంది, ఇంతేనా అని. పుట్టినప్పటి నుంచి ఎవరో ఒకరి వెనక నడిచినవాడికి అందరినీ వెనకేసి పోవడం ఎంత తీపో, ఆ సీట్లో కూర్చుంటే తెలుస్తుంది. ఆ ముచ్చటకు నేను సిగ్గుపడను.

ఆ రోజు పొద్దున పది గంటలకు, ఎమ్మిగనూరులో ఉన్న అల్లుణ్ణి తీసుకురమ్మని సావుకారు పంపాడు. కార్లో నేనొక్కణ్ణే. రోడ్డు ఖాళీ. ముల్లు నూట ఇరవై దాటింది. నూట యాభై దాటింది. నూట అరవై చూద్దామనుకున్నాను. చూశాను కూడా. రోడ్డును మాత్రం చూడలేదు.

ఉలవలు కోసిన కాలమది. మా వైపు రైతులు ఉలవ కట్టెను, అంటే కాయలతో ఉన్న ఎండు మొక్కలను, తారురోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. ఇది నాకు తెలియదా? లారీతో ఎన్నిసార్లు తొక్కి ఇచ్చినవాణ్ణి! తల ఎత్తేసరికి చక్రాల కింద కట్టె ఉంది. బండి జారింది. స్టీరింగు నా మాట వినలేదు. దానంతట అదే అడ్డం తిరిగి, పక్కన తుమ్మచెట్టుకు కట్టిన ఎద్దును కొట్టి, చేలో నిలిచింది.

దిగి చూస్తే రోడ్డు మీద కట్టె మధ్యలో ఒకామె కూలబడి ఉంది, చేతిలో చీపురు. ఆమే నర్సమ్మ. అక్కడొక మనిషి ఉన్నట్టు నాకు అప్పుడే తెలిసింది. ఆమె మొగుడు బీమన్న చేలో నుంచి పరిగెత్తుకొచ్చాడు.

"కండ్లు యాడ పెట్టుకున్యావప్పా!"

"మామా, ఆయప్పను తిట్టాకు!" అని నర్సమ్మ అరిచింది. "నన్ను తప్పిచ్చబోయి ఎద్దుకు కొట్టుకున్యాడు. ల్యాకుంటే ఈ పొద్దు ఈ చీపురుతో నన్నే ఊడ్సుకుంటాంటివి."

బీమన్న నా వైపు తిరిగాడు. "అవునా అన్నా?"

"అవునప్పా. ఆయమ్మ కనపడె. అందుకే తిప్పితి."

"ఎంత మీద వస్తాంటివి?"

"నలభై."

"రోడ్డు మీద పర్సుకున్యోళ్లం మేమే గదన్నా. తప్పు మాదే."

చేతులు జోడించాడు. ఆయన వెనక ఎద్దు ఇంకా కాళ్లు కొట్టుకుంటోంది.

ఎందుకు అవునన్నాను? ఉద్యోగం పోతుందనా? అదీ ఉంది. ఆమే అబద్ధాన్ని వండి వడ్డించింది, నేను తిన్నాను. చూడు, తప్పును మళ్లీ ఆమె మీదికే తోస్తున్నాను. నలభై అన్నది నా నోరే.

సావుకారు కూడా కోప్పడలేదు. మనిషి ప్రాణం ముందు బండి ఎంత అని, దాన్ని బాగు చేయించుకున్నాడు. వాళ్లు మాత్రం, జోడు చచ్చిపోయాక, రెండో ఎద్దును సంతలో అమ్మేశారు. ఒంటెద్దుతో సేద్యమేముంది? నేల గుత్తకిచ్చారు. అప్పటి నుంచి ఏటా మిరపకాయలు కోసే కూలికి గుంటూరు వైపు పోతారు. తిరిగొచ్చేటప్పుడు నాకని ఒక సంచి మిరపకాయలు తెస్తారు. "నీ పుణ్యమన్నా" అంటుంది నర్సమ్మ. ఆ కారంతోనే మా ఇంట్లో పప్పు.

తాళం ఇస్తే ఇప్పటికీ ఆ కారు తోలుతాను. చక్కగా తోలుతాను. ఆ రోజు కన్ను తప్పింది ఒక్క క్షణం. నోరు తప్పి ఆరేళ్లయింది.

ఇప్పుడు నర్సమ్మ కొడుక్కి కొడుకు పుట్టాడు. రేపు పేరు పెడతారు. నా పేరు. వాళ్ల మిరపకాయలు తిన్నాను, దండాలు తీసుకున్నాను. ఒక పసివాడు బతికినంత కాలం నా అబద్ధంతో పిలిస్తే పలకాలా?

పొద్దున మొదటి బస్సుకు పోతాను. నోటితో చెప్పబోతే మళ్లీ నలభై అంటానేమో. అందుకే వాళ్లకూ వేరే కాగితం రాశాను. ఆ ఇంట్లో చదువు వచ్చినది కోడలు. ఆమె పైకి చదువుతుంటే ఎదురుగా నిలబడతాను. మూడే మాటలు రాశాను: నూట అరవై మీద వచ్చాను. నిన్ను చూడలేదు. ఎద్దును చంపింది నేను. రాశాక గుండె కొంచెం తేలికైంది, ఆ మాట దాచను.

క్షమించమని మాత్రం రాయలేదు. అడిగితే వెంటనే ఇచ్చేస్తారు వాళ్లు.